ఏ వృత్తి నవలంబింపవలెను?

మనుష్యుడు తన జీవితమున చేసికొనవలసిన నిర్ణయములలో రెండు మిక్కిలి ముఖ్యమైనవి. ఎవరితో కాపురము చేయవలెననునది యొకటి. ఏ పని చేసి బ్రదుకవలెననునది రెండవది. మొదటిదానిని గూర్చి మన సంఘసంస్కర్తలు తరతరములుగా వాదించి, వ్రాసి, నిందలకోర్చి యొక దారి యేర్పఱచిరి. వధూవరుల యిష్టము కనుగొనక పెండ్లి చేయుట తప్పని నేడు చదువుకొన్న గృహస్థులందఱును నోటిమాటగానైన నొప్పుకొనుచున్నారు. రెండవదానిని గూర్చి మన యిండ్లలో నింత విచారము జరుగలేదు. పదియవ తరగతి పరీక్ష ముగించునాటికి బాలునకుగాని బాలికకుగాని పదునైదు పదునాఱేండ్లకంటె నెక్కువ యుండవు. ఆ వేసవిలోనే గణితమా, జీవశాస్త్రమా, వాణిజ్యమా, చరిత్రయా యని తేలిపోవలెను. తేల్చువారు సాధారణముగా బిడ్డలు కారు. తండ్రి తనకు పూర్వము దొరకని యుద్యోగమును తలచుకొనును. మేనమామ తన కొడుకు చేరిన కళాశాల పేరు చెప్పును. వీథిగోడలమీది ప్రకటనలు మొదటి ర్యాంకులను చాటును. "నీకేమి కావలె" నని బిడ్డ నడుగువా రరుదు. అడిగినను "ఏమో" యను సమాధానమే వచ్చును.

ఇరువదియేండ్లకు పైగా బడిలో పాఠములు చెప్పుచు మే మీ "ఏమో" యను మాటను పలుమాఱులు వినియున్నాము. దీనిని కొందఱు పెద్దలు సోమరితన మందురు. కొందఱు మొండితన మందురు. మాకట్లు తోచదు. ఆ సందేహమునకొక చరిత్ర కలదు. దానిని తీర్చుటకై మనుష్యులు కల్పించుకొనిన యొక విద్యకును చరిత్ర కలదు. వృత్తిమార్గదర్శనమని నేడు పిలువబడుచున్న యా విద్య యెక్కడ క్రమరూపమును దాల్చినదో, ఎట్లు పెరిగినదో, ఎక్కడెక్కడ దారి తప్పినదో, మన దేశమున కెప్పుడు వచ్చినదో చదువరులకు తెలుపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

పూర్వకాలమున నీ సందేహమే లేదు. కుమ్మరి కొడుకు సారె త్రిప్పుట నేర్చెను. సాలెవాని కొడుకు మగ్గపుగుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండెను. పురోహితుని కొడుకు ఉపనయనమైన దినమునుండి పనసలు వల్లించెను. పనియు, పనిముట్టులును, పనిలోని మర్మములును ఇంటిలోనే యుండెను. బాల్యమునుండి కన్నులార చూచి నేర్చిన విద్య గనుక నైపుణ్యమునకు లోపము లేకుండెను. ఈ గుణమును మేము కాదనము. కాని వృత్తి జన్మముతోడనే వచ్చునపుడు సందేహమునకు చోటు లేనట్లే స్వేచ్ఛకును చోటు లేదు. సాలెవాని యింట గణితజ్ఞుడు పుట్టినచో మగ్గముమీదనే ముసలివాడు కావలెను. పురోహితుని యింట శిల్పి పుట్టినచో నులి పట్టకయే పోవలెను. చదువే నిషిద్ధమైన కులములవారి మాటయు, ఏ కులమున పుట్టినను వంటయింటికే పరిమితులైన స్త్రీల మాటయు చెప్పనేల? కావున నేటి బాలుడు "ఏమో" యనుటకు మనము కోపింపరాదు. మన తాతలు తమ బిడ్డలకీయలేకపోయిన స్వేచ్ఛతోకూడ వచ్చిన బరువది.

ఐరోపాఖండమునను స్థితి యించుమించుగ నిట్లే యుండెను. అచ్చట కులమునకు బదులు వృత్తిసంఘములుండెను. తండ్రి కుమారుని నొక పనివాని యింటనుంచి యొప్పందము వ్రాసెడివాడు. ఇంగ్లండులో 1563లో చేసిన శాసనము ప్రకారము చేతిపని నేర్చువాడు ఏడేండ్లు గురువు నొద్ద శిష్యత్వము చేయవలెను. ఆ శాసనములోని శిష్యత్వపు నిబంధనలు 1814లో రద్దయ్యెను. అప్పటికే ఆవిరియంత్రములు పాత పనుల నెన్నింటినో తుడిచివేయుచుండెను. తండ్రి చేసిన పని కుమారుడు పెద్దవాడగునాటికి లోకములో నుండునో యుండదో తెలియని కాలము వచ్చెను. పల్లెలనుండి పట్టణములకు, పట్టణములనుండి ఖండాంతరములకు జనులు తరలిపోయిరి. ఆ కాలములోనే "నేనేమి చేయుదును?" అను ప్రశ్న సామాన్యుల నోట మొదటిసారి వినబడెను.

ఈ ప్రశ్నకు క్రమమైన సమాధానపద్ధతి నేర్పఱచిన కీర్తి అమెరికాలోని బోస్టను నగరమున నివసించిన ఫ్రాంక్ పార్సన్సునకు చెల్లుచున్నది. ఆయన జీవితమే యీ ప్రశ్నకు చక్కని యుదాహరణము. ఆయన 1854లో జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1873లో పట్టము పొంది, యొక రైల్వే కంపెనీలో చేరెను. ఆ సంవత్సరమే అమెరికాలో గొప్ప యార్థికసంక్షోభము సంభవించెను. బ్యాంకులు మూతపడెను, రైల్వే కంపెనీలు దివాలా తీసెను. పార్సన్సు పనిచేయుచున్న కంపెనీయు నట్లే పోయెను. పట్టభద్రుడైన యా యువకుడు పొట్టకూటికై యినుపకర్మాగారమున కూలిపని చేసెను. పిమ్మట బడిపంతులయ్యెను. పిమ్మట న్యాయశాస్త్రము చదివి 1881లో న్యాయవాదిపరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. అతిశ్రమచే నారోగ్యము చెడి, న్యూమెక్సికో ప్రాంతమున బయలుగాలిలో కొన్నియేండ్లు గడపవలసివచ్చెను. తిరిగివచ్చి న్యాయవాదులకు పాఠ్యగ్రంథములు వ్రాసెను. బోస్టను విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రమును బోధించెను. 1895లో నగరాధ్యక్షపదవికి పోటీచేసి యోడిపోయెను. 1897 మొదలు 1899 వఱకు కాన్సాస్ రాష్ట్రపు వ్యవసాయకళాశాలలో నాచార్యుడుగా నుండి, రాజకీయములు మాఱగా నాపదవిని పోగొట్టుకొనెను. ఇన్ని వృత్తులను పట్టి విడిచిన మనుష్యుని మన యూళ్లలో నిలుకడలేనివాడందురు. అట్టివాడే లోకమునకు వృత్తినిర్ణయమును గూర్చి మొదటి పాఠము చెప్పెను. తాను తడుముకొన్న చీకటిలో నితరులు తడుముకొనరాదని యాయన తలంచియుండునని మాకు తోచుచున్నది.

బోస్టను నగరమున ఉత్తరభాగమందు ఇటలీనుండియు, రష్యానుండియు వచ్చిన బీదజనులు క్రిక్కిఱిసి కాపురముండిరి. వారి సేవకై 1901లో "సివిక్ సర్వీస్ హౌస్" అను సేవాసదన మేర్పడెను. పౌలీన్ అగాసీజ్ షా అను దానశీలురాలు దానికి ధనసాహాయ్యము చేసెను. మేయర్ బ్లూమ్‌ఫీల్డు అను యువకుడు దానిని నడపెను. పగలు కర్మాగారములలో పనిచేసి రాత్రులం దచ్చట చదువుకొను కార్మికుల కొఱకు 1905లో పార్సన్సు ఆ సదనములో నొక విద్యాలయమును స్థాపించెను. 1906లో బోస్టనులోని ఆర్థికశాస్త్రసంఘమున నాయన యుపన్యసించుచు, భావినగరమున యువకులకు వృత్తి నెన్నుకొనుటలో నాలోచన చెప్పువా రుండవలెననెను. ఆ మాట బ్లూమ్‌ఫీల్డునకు నచ్చెను. రాత్రిబడి చదువు ముగించుచున్న పిల్లలను పిలిపించి వారితో పార్సన్సుచేత మాటలాడించెను. ఉపన్యాసము ముగిసినపిమ్మట పలువురు తమకు ప్రత్యేకముగా సలహా చెప్పవలసినదని యాయనను చుట్టుకొనిరి. అడుగువా రున్నారని తెలిసినపిదప సంస్థ పుట్టుట కెంతోకాలము పట్టలేదు. 1908 జనవరి 13వ తేదీన "వొకేషన్ బ్యూరో" అను వృత్తిసలహాసంస్థ ప్రారంభింపబడెను. మే నెల మొదటి తేదీన వెలువడిన మొదటి నివేదికనాటికి ఎనుబదిమంది స్త్రీపురుషులు వచ్చి సలహా పొందిరి.

పార్సన్సు పద్ధతిలో మూడు మెట్లున్నవి. తన్ను తా నెఱుగుట మొదటిది. ఇచ్చట ఆత్మజ్ఞానమనగా వేదాంతులు చెప్పునది గాదు. తన బుద్ధి యెట్టిది, ఒడలిసత్తువ యెంత, దేనిమీద ప్రీతి, దేనిమీద వెగటు, చేతిలో ధనమెంత, ఇంటిబరువెంత, తనలోని లోపములెవ్వి యను లౌకికజ్ఞానము. వృత్తుల నెఱుగుట రెండవది. ఒక్కొక్క పనికి కావలసిన చదువు, పట్టుకాలము, వచ్చు జీతము, అందలి కష్టములు, పైకి పోవుదారులు మొదలగునవి విచారించుట. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి సరిగా తర్కించుట మూడవది. చూచుటకు మిక్కిలి సులభముగా నున్నది. కాని మన యిండ్లలో జరుగు నిర్ణయములను పరిశీలించినచో మొదటిమెట్టు నెవ్వరు నెక్కరు. రెండవమెట్టులో రెండు మూడు వృత్తుల పేర్లు మాత్రమే యుండును. మూడవమెట్టునకు బదులు పోటీ యుండును.

ఆయన తన పనిని గూర్చి వ్రాసిన గ్రంథములో నొక పందొమ్మిదేండ్ల యువకుని కథ కలదు. వాడు వైద్యుడు కాదలచి వచ్చెను. వాని బుగ్గలు లోతుకుపోయి యుండెను, మొగమున కళ లేదు, జ్ఞాపకశక్తి తక్కువ, చదువులో నంతంతమాత్రమే. పార్సన్సు వానిని వెక్కిరింపలేదు, వలదని శాసింపలేదు. ఆరోగ్యముతో నవ్వుమొగముతో నుండు నొక వైద్యుని, వానివలె నుండు మఱియొక వైద్యుని పోల్చి చూపి, రోగు లెవరియొద్దకు పోవుదురో వానిచేతనే యూహింపజేసెను. వైద్యమే కావలెనన్నచో నేమేమి సరిదిద్దుకొనవలెనో చెప్పెను. ఆరుబయట పశువుల పోషణమువంటి పనులు వాని దేహమునకు మేలని సూచించెను. తుదినిర్ణయమును వానికే విడిచెను. వృత్తి నెన్నుకొనుట యాతనికి సంబంధించినది, సలహాదారునికి సంబంధించినది కాదను నియమమును పార్సన్సు ముఖ్యముగా పాటించెను. ఆ నియమము నేటికిని యీ విద్యకు ప్రాణము.

సంస్థ పుట్టిన యెనిమిది నెలలకే, 1908 సెప్టెంబరు 26వ తేదీన పార్సన్సు కాలధర్మము నొందెను. ఆయన వ్రాసియుంచిన గ్రంథము "చూజింగ్ ఎ వొకేషన్" అను పేర 1909లో వెలువడెను. బ్లూమ్‌ఫీల్డు పని కొనసాగించెను. 1910లో బోస్టనులో నీ విషయమై మొదటి జాతీయసభ జరిగెను. 1911లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నీ విద్య బోధింపబడెను. 1913లో గ్రాండ్ ర్యాపిడ్సు నగరమున నొక జాతీయసంఘ మేర్పడెను. ఇంగ్లండులో 1910లో చేసిన శాసనము బడి విడిచిన పిల్లలకు ఉద్యోగములను గూర్చి సలహా చెప్పు నధికారమును స్థానికవిద్యాసంఘముల కొసగెను.

గుణములను చెప్పినవారము దోషములను దాచరాదు. పార్సన్సుకూడ, యువకులతో మాటలాడుచు వారి తల యాకారమును, చెవులకు ముందు వెనుకల నుండు పరిమాణములను గమనించెడివాడనని వ్రాసికొనియున్నాడు. తలబుఱ్ఱ యాకారమునుబట్టి గుణములు తెలియునను నా కాలపు భ్రమ యంతటి విచారశీలునిగూడ వదలలేదు. పిమ్మట పరీక్షల కాలము వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధమున 1917 మొదలు అమెరికా సైన్యము పదునేడులక్షలకు పైబడిన సైనికులకు బుద్ధిపరీక్షలు చేసెను. బుద్ధిని కొలిచితిమని పరీక్షకులు గర్వించిరి. కాని యా పరీక్షలలోని ప్రశ్నలు పెక్కులు ఇంగ్లీషుభాషయు అమెరికా యలవాటులు నెఱిగినవారికే సుళువు. క్రొత్తగా వచ్చిన పరదేశీయులకు తక్కువ మార్కులు వచ్చుట వింత గాదు. ఆ మార్కులను చూపి కొన్ని జాతులు మందబుద్ధులని వ్రాసినవారును గలరు. 1927లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున నుండిన స్ట్రాంగ్ అను శాస్త్రజ్ఞుడు వేఱొక దారి త్రొక్కెను. బుద్ధిని గాక యభిరుచిని కనుగొను ప్రశ్నావళిని సిద్ధపఱచి, ఒక్కొక్క వృత్తిలో తృప్తిగా నున్నవారి యభిరుచులతో యువకుని యభిరుచులను పోల్చు పద్ధతిని తెచ్చెను. నేడు మన నగరములలో సలహాదారులు కాగితముమీదను కంప్యూటరుమీదను చేయించు ప్రశ్నావళులలో పెక్కింటికి మూల మిదియే.

1950వ దశకమున డొనాల్డ్ సూపర్ అను విద్వాంసుడు వృత్తినిర్ణయము ఒకనాటి పని కాదనియు, బాల్యమునుండి వార్ధకము వఱకు మనుష్యుడు మాఱుచుండునట్లే వాని వృత్తియు నతడు తన్నుగూర్చి తలంచు తలంపుతోకూడ మాఱుచుండుననియు సిద్ధాంతము చేసెను. ఇటీవల, 1999లో, జాన్ క్రంబోల్ట్జును నాయన సహచరులును జీవితములో యాదృచ్ఛికసంఘటనల పాలు గొప్పదనియు, వానిని వినియోగించుకొను నేర్పును పిల్లలకు నేర్పవలెననియు బోధించిరి. మొదట ఒక్కసారి చేసి తీరవలసిన నిర్ణయముగా దోచిన దానిని శాస్త్రమిప్పుడు జీవితకాలపు సాధనగా చూచుచున్నది. పదియవ తరగతి వేసవితో సర్వము ముగిసిపోవునని భయపడు తల్లిదండ్రులు దీనిని గమనింతురుగాక.

ఇక మన దేశము. 1857లో కలకత్తా, బొంబాయి, మదరాసులలో విశ్వవిద్యాలయము లేర్పడెను. ఆంగ్లవిద్య మన పిల్లలను కులవృత్తినుండి విడిపించినది నిజమే. కాని వెంటనే వేఱొక సన్నని సందులోనికి త్రోసెను. ఆ సందు చివర సర్కారుకచేరీ యుండెను. కొలువే విద్యకు ఫలమని తలంచిన యిండ్లలో "నీకేమి కావలెను" అను ప్రశ్నకు చోటేది? కొలువులు చాలనపుడు పట్టభద్రుల నిరుద్యోగము తలయెత్తెను. 1934లో సంయుక్తరాష్ట్రప్రభుత్వము తేజ్ బహదూర్ సప్రూ అధ్యక్షతను నిరుద్యోగవిచారణసంఘమును నియమించెను. మఱుసటి సంవత్సరము వెలువడిన దాని నివేదిక పలువిధములైన వృత్తివిద్యలు కావలెననెను. 1938లో కలకత్తా విశ్వవిద్యాలయపు మనశ్శాస్త్రశాఖ వృత్తిమార్గదర్శనమునకై యొక విభాగమును తెఱచెను. 1941లో బొంబాయిలో బాట్లీబాయి పేర నొక సలహాసంస్థయు, 1947లో నచ్చటనే పార్సీ పంచాయతీవారి సంస్థయు వెలసెను. ఆ 1947లోనే అలహాబాదులో ప్రభుత్వమువారి మనశ్శాస్త్రసంస్థ పుట్టెను. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకు పనులు చూపుటకై 1945లో పెట్టిన ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజీలు 1948లో నెల్లరకును తెఱవబడెను. ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతను 1952లో నేర్పడిన సెకండరీవిద్యాసంఘము బడులలో మార్గదర్శకులుండవలెనని 1953లో సిఫారసు చేసెను. 1954లో ఢిల్లీలో కేంద్రసంస్థ యేర్పడెను. 1964 మొదలు 1966 వఱకు పనిచేసిన కొఠారీ సంఘము ప్రాథమికపాఠశాలనుండియే యీ పని యారంభము కావలెననెను. 2015లో కేంద్రప్రభుత్వము నేషనల్ కెరీర్ సర్వీసును ప్రారంభించెను. కాగితముపై నింత జరిగినను మన పల్లెటూరి యున్నతపాఠశాలలలో పిల్లవానితో నఱగంటసేపు కూర్చుండి యీ మాట మాటలాడు నధికారి కనబడుట మిక్కిలి యరుదు.

సంఘముల నివేదికలకంటె జీవితములే యెక్కువ బోధించును. మన వారివి మూడు జీవితములు చూతము.

సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు మదరాసు క్రిస్టియను కళాశాలలో చేరినపుడు తత్త్వశాస్త్రమును ప్రీతిచే నెన్నుకొనలేదు. అదే కళాశాలలో చదువు ముగించిన బంధు వొకడు తన తత్త్వశాస్త్రగ్రంథముల నాతని కిచ్చెను. పుస్తకములు కొనుటకు ధనము చాలని విద్యార్థి కదియే నిర్ణయమైపోయెను. 1909లో నాయన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో నధ్యాపకుడయ్యెను; పిమ్మటి చరిత్ర లోకమున కెల్ల తెలిసినదే. యాదృచ్ఛికముగా దొరికిన దారినైనను శ్రద్ధతో నడచినవానికి గమ్యము దొరకుననుట కిది సాక్ష్యము.

చంద్రశేఖర వేంకటరామన్ బాల్యము విశాఖపట్టణమున గడచెను. తండ్రి యచ్చటి కళాశాలలో నుపన్యాసకుడు. భౌతికశాస్త్రమున నంతటి ప్రతిభ గలిగియు, సీమకు పోవుటకు దేహము తాళదని వైద్యు డనుటచేతను, శాస్త్రజ్ఞునకు మన దేశమున నప్పుడు బ్రదుకుతెరువు లేనందునను, ఆయన 1907లో ప్రభుత్వ గణకశాఖయందు కలకత్తాలో నుద్యోగియయ్యెను. పగలు లెక్కలు చూచుచు, ఉదయసాయంకాలములయందు శాస్త్రసంవర్ధనసంఘపు ప్రయోగశాలలో పరిశోధనలు చేయుచు పదియేండ్లు గడపెను. 1917లో, జీతము తగ్గినను లెక్కచేయక, కలకత్తా విశ్వవిద్యాలయపు పాలిత్ ఆచార్యపదవిని స్వీకరించెను. 1930లో నోబెల్ బహుమానము పొందెను. మొదటి యుద్యోగము తుదియుద్యోగము కానక్కరలేదు. దినమునకు రెండుగంటలు ప్రీతికరమైన పనికై యుంచుకొన్నవాడు ద్వారము తెఱచినపుడు లోనికి పోవుటకు సిద్ధముగా నుండును.

మూడవది అయ్యలసోమయాజుల లలితగారి జీవితము. ఈమె 1919లో తెలుగుకుటుంబమున జన్మించెను. పదునైదవయేట వివాహము, 1937లో, పదునెనిమిదవయేట, నాలుగునెలల బిడ్డ యొడిలో నుండగా వైధవ్యము. ఆ కాలమున నట్టి బాలికకు మూలగది తప్ప వేఱు దారి చూపు నిండ్లు తక్కువ. ఈమె చదువదలచెను. స్త్రీలు వైద్యమునకు పోవుట యప్పటికే కలదు. కాని వైద్యురాలు రాత్రిపగలనక పిలిచినపుడెల్ల పోవలెను. ఈమెకు సాయంకాలమునకు బిడ్డయొద్దకు చేరు పని కావలెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. ఆయన కళాశాలాధ్యక్షుని నొప్పించి కూతును విద్యుదింజనీరింగులో చేర్పించెను. ఆమె జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున నభ్యాసము ముగించి, 1943లో చదువు పూర్తిచేసెను. భారతదేశమున మొదటి స్త్రీ ఇంజనీరులలో నొకరై, పిమ్మట కలకత్తాలో నొక విద్యుత్పరికరముల కంపెనీయందు చేరి భాక్రానంగల్ ఆనకట్టకు సంబంధించిన విద్యుత్ప్రణాళికలలో పనిచేసెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీరుల, శాస్త్రజ్ఞుల మొదటి యంతర్జాతీయసభకు హాజరయ్యెను.

ఆ తండ్రియు కూతురును పార్సన్సు గ్రంథమును చదివిరని మేమనము. కాని వారి నిర్ణయములో నాతని మూడుమెట్లు నున్నవి. తన స్థితి యేమి, పసిబిడ్డ గల విధవ కేమి కావలెను? ఏ వృత్తిలో పని యెట్లుండును? రెండును ఎక్కడ కలియును? లోక మేమనునను ప్రశ్నకు మాత్రము వారు పెద్దచోటీయలేదు. ఇట్టి తండ్రి యింట నుండగా వేఱొక సలహాదారు నక్కర లేదు. అట్టివాడు లేని యిండ్లకే యితరుల సహాయము కావలసియున్నది.

ఇచ్చట కొన్ని యాక్షేపములు వినబడును. మన బిడ్డ సంగతి మనకు తెలియనిది పరాయివానికేమి తెలియునని తల్లిదండ్రులందురు. తెలియకపోవుటయే యొక్కొక్కప్పుడు మేలు. పరాయివానికి మన బిడ్డచేత తీర్చుకొనవలసిన కోరిక లేదు; బంధువులలో తలయెత్తుకొని తిరుగవలెనను నాశ లేదు. ఇంటిలో చెప్పలేని మాట బిడ్డ వానితో చెప్పును. వృత్తి నెన్నుకొనుట కలవారి విలాసమని కొందఱందురు. చరిత్ర దానికి వ్యతిరేకముగా నున్నది. బోస్టనులో నీ విద్య పుట్టినది సంపన్నుల మేడలలో గాదు. పగలు కూలిపనిచేసి రాత్రి చదువుకొను పరదేశుల పిల్లల నడుమ. ఒక్కసారి తప్పిన తిరిగి ప్రయత్నించుటకు ధనములేని బీదవానికే ముందాలోచన యెక్కువ యవసరము.

సలహాదారుల పేర తిరుగు వారందఱును సలహాదారులు కారనునది మూడవ యాక్షేపము. ఇది నిజము. అందుచే కొన్ని గుఱుతులు చెప్పుట మంచిది. మంచి సలహాదారుడు తాను మాటలాడుటకంటె బిడ్డను మాటలాడించును. తల్లిదండ్రులను కొంతసేపు వెలుపల కూర్చుండబెట్టును. పరీక్షాపత్రముయొక్క ఫలితమును వేదవాక్యముగా చెప్పక, పలు సాక్ష్యములలో నొకటిగా చూపును. ఒక కళాశాల పేరే మాటిమాటికి చెప్పడు. చెప్పినచో నాతనికి దానివలన లాభమేమో విచారింపవలెను. వ్రేలిముద్రలనుబట్టియో, జాతకమునుబట్టియో వృత్తి చెప్పెదననువానిని, తలబుఱ్ఱలు కొలిచిన వారి వరుసలో చేర్చి విడిచిపెట్టవలెను. ఇట్లే చేయుమని శాసించువాడును, సీటు వచ్చునని మాటయిచ్చువాడును సలహాదారులు కారు.

తల్లిదండ్రుల కర్తవ్యము దీనితో తీరదు. ప్రతిసంవత్సరము పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన పత్రికలలో కొన్ని మరణవార్తలు చదువుచున్నాము. పదునాఱు పదునేడేండ్ల బిడ్డలు. తప్పినది యొకటి రెండు పాఠ్యాంశములు. ఆ బిడ్డలలో నొక్కొక్కరికి బాధ వేఱువేఱుగా నుండవచ్చును. ఒక్క కారణమునే చెప్పుట న్యాయము గాదు. కాని యిది తప్పినచో నీకు వేఱుదారి యున్నదని ముందే నమ్మకముగా విన్న బిడ్డకును, ఇది తప్పినచో మన బ్రదుకే లేదని దినమును విన్న బిడ్డకును నడుమ గల భేద మెంతటిదో గృహస్థులు నెమ్మదిగా నాలోచింపవలెను. "ఏమో" యన్న బిడ్డ యింకను వెదకుచున్నాడు. వానికి వెదకుటకు వ్యవధి యీయవలెను. వెదకుట మానిన బిడ్డను గూర్చియే భయపడవలెను.

పార్సన్సు చెప్పిన రెండవమెట్టునకు, అనగా వృత్తుల నెఱుగుటకు, మన దేశమున నొక మంచి సాధన మిదివఱకే యున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘ మేర్పడినది మొదలు గ్రామగ్రంథాలయములు మన పల్లెలకు వెలుగు నిచ్చెను. ఆ గ్రంథాలయములలో నిప్పటికిని తలుపులు తెఱచియున్న ప్రతిదానియందును నెలకొకనాడు సాయంకాలము ఒక వృత్తిలో నున్నవారిని పిలువవచ్చును. ఒకనెల దాది, ఒకనెల విద్యుత్పని చేయువాడు, ఒకనెల పశువైద్యుడు, ఒకనెల గ్రామలెక్కలు చూచు నుద్యోగి, ఒకనెల బట్టలు కుట్టి దుకాణము నడపు స్త్రీ. తాము పని నెట్లు నేర్చిరో, ఎంత సంపాదింతురో, దేనికి విసుగుదురో, దేనికి సంతోషింతురో వారిచేతనే చెప్పింపవలెను. పిల్లలు ప్రశ్నలడుగవలెను, పెద్దలు వెనుకవరుసలో కూర్చుండి వినవలెను. దీనికి ప్రభుత్వపుటుత్తరువు నక్కర లేదు, చందాలు నక్కర లేదు. ఊరిలో నొక యుపాధ్యాయుడును, ఇద్దఱు గృహిణులును పూనుకొన్నచో రాబోవు వేసవికి ముందే యాఱుసభలు జరుగును. ఆ సభలకు వచ్చిన బిడ్డ యప్పటికిని "ఏమో" యనవచ్చును; కాని "ఇది చూచితిని, అది నాకు పడదు, ఆ మూడవది యింకొకసారి చూడవలె" ననికూడ ననును. ఆలోచన యారంభమగుట కంతమాత్రము చాలును.